ఒకే పందిట్లో రెండు పెళ్ళిళ్ళు

నా భార్య కమల నాకు ముందే చెప్పింది. ఈ ఒక్క మాట నేను ఇరవై మూడేళ్ళు ఎవరికీ చెప్పకుండా బతికాను. తన అన్న నర్సింలుకు చిన్నప్పటి నుంచీ మూర్ఛ వస్తుందని, గోళీలు వాడుతున్నాడని, ఆ సంగతి అతన్ని చేసుకోబోతున్న నా చెల్లెలు అనసూయకు తెలియాలని పెళ్ళికి పదిహేను రోజుల ముందు వనపర్తిలో కమల నాతో చెప్పింది. నేను చెల్లెలికి చెప్పలేదు. ఆ తర్వాత మా అమ్మ నన్ను నలుగురిలో సూటిగా అడిగినప్పుడు, కమల నాకేమీ చెప్పలేదన్నాను. మా బంధువుల్లో ఇప్పటిదాకా నడుస్తున్న కథ వేరు. కమల పుట్టింటి బిజినేపల్లి వాళ్ళు రోగం దాచి మా పిల్లను మోసం చేశారని ఆ కథ. అందులో మోసపోయినవాడిగా నేనూ ఉన్నాను. ఆ కథ తప్పు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇప్పుడే ఎందుకంటే, మా అమ్మాయి శిరీష పెళ్ళి కుదిరింది. పిల్లవాడిది వనపర్తి. మా చేతిలో ఉన్నది తక్కువ, పెళ్ళి మాత్రం చూడముచ్చటగా ఉండాలని అందరి కోరిక. ఎవరిని సలహా అడిగినా ఒకటే మాట. "నీకు చెప్పాల్నా అన్నా? అప్పట్ల నువ్వు చేసినట్టు చెయ్యి. గంత తక్కువల గంత సక్కని పెండ్లి మళ్ళ ఎవ్వడు చేసిండు గద్వాలల?" నాదీ చెల్లెలిదీ కలిపి ఒకే పందిట్లో చేసిన ఆ పెళ్ళి వల్ల నాకు మా వాళ్ళలో ఒక పేరుంది. ఎవరింట్లో శుభకార్యమైనా, ఖర్చు ఎక్కడ తగ్గించాలో, అందం ఎక్కడ పెంచాలో నన్నే అడుగుతారు. ఆ పొగడ్త వచ్చినప్పుడల్లా కమలకు వంటింట్లో ఏదో పని గుర్తొస్తుంది. ఆమె లేచి వెళ్ళిపోవడాన్ని నేను ఇన్నేళ్ళూ చూసీచూడనట్టు ఉన్నాను.

గద్వాలలో మా ఇల్లంటే ముందు ఒక గది, వెనక వంటకు ఒక వసారా. ముందు గదిలో సగానికి పైగా గుంత మగ్గమే. మేము మగ్గానికి అడ్డం రాకుండా తినేవాళ్ళం, పడుకునేవాళ్ళం, కొట్లాడుకునేవాళ్ళం. ఎండ ముదరక ముందే మా వాడలో పడుగులు బారుగా చాపి గంజి పెట్టేవారు. ఆ పులిసిన గంజి వాసన, రంగుల బాన దగ్గర ఉడుకు వాసన, రెండూ కలిసి మా బట్టలకూ జుట్టుకూ పట్టుకునేవి. బడిలో పిల్లలు మా పక్కన కూర్చుంటే ముక్కు మూసుకునేవారు. నాయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పోగు తెగితే వేలికొన నాలుకకు తడి చేసుకొని అతికేవాడు, అందుకే ఆయన నాలుక ఆ వారం ఏ రంగు నేస్తే ఆ రంగులో ఉండేది. కోపం వస్తే మగ్గం దెబ్బ గట్టిగా పడేది. అమ్మ వసారాలో కండెలు చుడుతూనే ఆ చప్పుడు పోల్చుకొని, "మీ నాయిన ఇయ్యాల మంచిగ లేడు. ఏమడుగాలన్నా రేపడుగు" అనేది. అమ్మకు ఇంకో అలవాటు ఉండేది. బట్ట మంచిదో కాదో కంటితో చూసి చెప్పేది కాదు, చెంపకు ఆనించుకొని చెప్పేది. మనుషుల్ని కూడా అలా ఒకసారి తాకి తేల్చేసుకునేది. ఒకసారి తేల్చుకున్నాక మార్చేది కాదు.

నేను పదో తరగతి తర్వాత మగ్గం ఎక్కలేదు. చీరల మూట పట్టుకొని వనపర్తి, నాగర్‌కర్నూల్ దుకాణాలకు తిరిగేవాణ్ణి. ఇంట్లో నాయనకు తోడు కూర్చున్నది అనసూయే. మా చీరకు నడుమ నూలు, అంచులూ కొంగూ పట్టు. నూలునూ పట్టునూ ప్రతి వరసలోనూ కలుపుతూ పోవాలి కాబట్టి అంచు దగ్గర ఇంకో మనిషి చేయి కావాలి. అనసూయ పదకొండేళ్ళ నుంచీ ఆ చేయి. నేను తిరిగింది ఆమె నేసిన వాటిని అమ్మడానికే.

నాగర్‌కర్నూల్‌లో ఒక బట్టల దుకాణం ముందు కమల మిషను కుట్టేది. వాళ్ళది బిజినేపల్లి. మా కులంవాళ్ళే, కానీ తాతల నాడే మగ్గం వదిలి సేద్యం పట్టారు. ఆరు నెలలు ఆ దుకాణానికి అవసరానికి మించి చీరలు మోశాక నా సంగతి ఇంట్లో తెలిసింది. మా మేనమామ బాలయ్య మధ్యవర్తిగా వెళ్ళొచ్చి కబురు తెచ్చాడు. "పిల్లనిస్తరు. గని వాళ్ళ పిలగానికి మన అనసూయను అడుగుతున్నరు. కుండమార్పిడి. ఇచ్చుడు లేదు, తీసుకునుడు లేదు. వాళ్ళ పిల్ల మనింటికి, మన పిల్ల వాళ్ళింటికి. ఒకటే పందిరి, ఒకటే ఖర్చు." నాయన మగ్గం ఆపి, "అనసూయేమంటది?" అని మాత్రం అడిగాడు. అనసూయ నన్ను చూసి నవ్వింది. "అన్న మొకం జూడు నాయినా, నేనొద్దంటే ఇక్కడనే పడిపోయేటట్టున్నడు. పిలగాణ్ణి జూసిన, మంచిగనే ఉన్నడు. కానియ్యి."

ఆ పెళ్ళిని నేను నా పనితనంలా తీసుకున్నాను. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ నన్ను చేతిపని వచ్చినవాడిగా చూడలేదు. ఈ పెళ్ళితో చూపించాలనుకున్నాను. పూల పందిరి మా తాహతుకు మించింది. రంగులద్దే పెద్దాయన దగ్గరకు వెళ్ళి, రంగు వేసిన నూలు కట్టలు ఎట్లాగూ నీడకు ఆరాలి కదా, మా పందిరి కిందనే ఆరబెట్టమన్నాను. ఆయన పడీపడీ నవ్వాడు. "తడి కారి పెండ్లికొడుకు అంగి ఎర్రగైతే నన్ననొద్దు మల్ల." చివరికి ఒప్పుకున్నాడు. ఎరుపు, పసుపు, నెమలి రంగు, ఉల్లిపొర రంగు కట్టలు వాడ ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలాడాయి. భక్ష్యాల పిండీ పూర్ణమూ ముద్దలు చేసి వాడలో ఇంటింటికీ పంచాం, ఎవరి పొయ్యి మీద వాళ్ళు కాల్చి తెచ్చారు. వంటవాణ్ణి పెట్టలేదు. అన్నం, పప్పుచారు, వంకాయ కూర, భక్ష్యం, అంతే. పళ్ళేలకు బదులు మోదుగాకు విస్తర్లు. రెండు చీరలూ ఒకే పడుగు మీద, పేక రంగు మార్చి, నాయనా అనసూయా నేశారు. ఆ నెల రోజులూ మా ఇంట్లో నవ్వులే. "వదిన చీరకు బుటాలెక్కువ వెట్టినవ్ నాయినా, నాకు తక్కువ." "ఇద్దరికి గన్నే. కావాల్నంటే ఎంచుకో." "ఎంచిన. ఆమెకు రెండెక్కువ." నాయన నాలుక చూపించి వెక్కిరించేవాడు, పచ్చగా ఉండేది. ఆయన అలా ఆడటం అంతకు ముందు నేను చూడలేదు.

పెళ్ళి కార్డు కూడా రెండు జంటలకూ ఒకటే. వనపర్తిలో కార్డు అచ్చేసే కొట్టుకు నేను వెళ్ళిన రోజునే గాజులకు కమలా వాళ్ళమ్మా వచ్చారు. వాళ్ళమ్మ గాజుల దుకాణంలో బేరమాడుతుండగా కమల బయటికి వచ్చింది. మధ్యాహ్నపు ఎండ. నా చేతిలో కార్డు నమూనా కాగితం ఉంది, నాలుగు పేర్లూ తప్పుల్లేకుండా ఉన్నాయో లేదో చూడమని ఆమెకు ఇచ్చాను. ఆమె చూడలేదు. "మీకొక ముచ్చట చెప్పాలె. మా అన్నకు ఫిట్స్ ఒస్తయి. చిన్నప్పటి సంది. గోళీలు మింగితే రావు. మా అమ్మ చెప్పొద్దంటుంది. మీ చెల్లెకు చెప్పుండ్రి. తెలిసినంక చేసుకుంటే చేసుకుంటది, లేకుంటే లేదు." నేను, "మరి మనది?" అన్నాను. నా నోట మొదట వచ్చిన మాట అదే. ఆమె ఆ కాగితం నాకు తిరిగి ఇచ్చింది. "ఆమె ఒద్దంటే మనది గూడ పోతది. నాకు తెల్వదా?" అంతే అని, వాళ్ళమ్మ పిలుస్తుంటే లోపలికి వెళ్ళింది.

గద్వాలకు తిరిగొచ్చే బస్సులో చెప్పాలనే అనుకున్నాను. ఇంటికి వచ్చేసరికి అనసూయ మగ్గం మీద ఉంది. కమల చీర కొంగు సాగుతోంది. మరునాడు చెబుదామనుకున్నాను. మరునాడు కార్డులు వచ్చాయి. ఆ పైన విస్తర్లు, ఆ పైన బిజినేపల్లి నుంచి మనుషుల్ని తెచ్చే బస్సు. కమల మీది ఇష్టంతో చెప్పలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఆ పందిరి, ఆ కార్డు, ఆ పేరు, నేను కట్టినదంతా విప్పేయడం నాకు చేతకాలేదు. నాలుగు రోజులకు కమల తను కుట్టే దుకాణం నుంచి ఫోను చేసి, "చెప్పిండ్రా?" అని అడిగింది. "చెప్పిన. ఫరవాలేదన్నది" అన్నాను.  "మీ చెల్లె పెద్ద మనసు" అంది.

పెళ్ళి నిజంగానే అందంగా జరిగింది. పొద్దున గాలికి నూలు కట్టలు ఊగుతుంటే కింద కూర్చున్నవాళ్ళ మీద రంగుల నీడలు కదిలాయి. రెండు జంటలం పక్కపక్కనే కూర్చున్నాం. అందరూ తలలెత్తి పందిరి చూస్తున్నారు. నేను నర్సింలు చేతులు చూస్తున్నాను. తలంబ్రాలు పోసేటప్పుడు ఆ చేతులు కొంచెం వణికాయి, పెళ్ళికొడుకు చేతులు వణకడం చూసి ఆడవాళ్ళు నవ్వారు. నాకు మాత్రం ఆ బియ్యం గింజలు ఎప్పటికీ కింద పడనట్టే అనిపించింది. ఏమీ కాలేదు. ఏమీ కాదని ఆ రోజు నేను నమ్మేశాను.

నర్సింలు మంచి మనిషి. ఇది కూడా రాయాలి, ఎందుకంటే మా వాళ్ళు చెప్పే కథలో అతనికి రోగం తప్ప ఇంకేమీ లేదు. అనసూయకు పొలం పని రాదని తెలిసి, కలుపు తీయడం ఆమె పక్కనే కూర్చొని నేర్పాడు. మగ్గం లేక ఆమెకు చేతులు ఊరుకోవడం లేదని నాగర్‌కర్నూల్ నుంచి అల్లికదారం తెచ్చిచ్చాడు. ఏడు నెలలు గడిచాయి. ఒక పొద్దున కరెంటు వచ్చింది. ఆ రోజుల్లో అది ఎప్పుడొచ్చేదో ఎప్పుడు పోయేదో తెలియదు. అనసూయ పొయ్యి మీద జొన్న గట్క వండుతూ, "పోయి మోటరెయ్యి, పల్లిచేను ఎండుతుంది. నేను గట్క దించుకొని ఎన్కనే ఒస్త" అని పంపింది. సద్ది పట్టుకొని ఆమె చేనుకు వెళ్ళేసరికి నర్సింలు కాలువలో బోర్లా పడి ఉన్నాడు. కాలువలో నీళ్ళు జానెడు. మోటరు నడుస్తూనే ఉంది.

ఎదిగిన మనిషి జానెడు నీళ్ళలో ఎట్లా పోయాడో ఎవరికీ అర్థం కాలేదు. మేము వెళ్ళేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. వాళ్ళమ్మ రొమ్ము కొట్టుకుంటూ ఏడుస్తూ అన్న మాటల్లోనే అది బయటపడింది. "గోళీలు మానకురా అంటి గదరా కొడుకా, పెండ్లాం జూస్తదని మానినవు గదరా."  బాలయ్య మామ లేచి నిలబడ్డాడు. "ఏం గోళీలు? ఏం రోగం దాసి మా పిల్లను చేసుకున్నరు?" అప్పటికి కమలకు నాలుగో నెల. శవం పక్కనుంచి తలెత్తి, "దాసలేదు మామా. నేను ముందే చెప్పిన" అంది. మా అమ్మ వైపు తిరిగి, "మీ కొడుకునడుగు అత్తమ్మా" అంది.

అమ్మ నన్ను చూసింది. "చెప్పిందారా?"

అనసూయ గోడకు ఆనుకొని కూర్చుంది, తల వంచుకొని. ఆమె చెవిన పడేటట్టుగానే, "నాకేం చెప్పలే" అన్నాను.

కమల రెండోసారి చెప్పలేదు. నా వైపు చూసిన చూపులో కోపం కూడా లేదు, వనపర్తి ఎండలో నేను, "మరి మనది?" అన్నప్పుడు చూసిన చూపే అది. అంత్యక్రియలయ్యాక మామ తీర్పు చెప్పాడు. "మీ పిల్ల మీకు, మా పిల్ల మాకు." వచ్చిన జీపులోనే అనసూయను ఎక్కించుకొని గద్వాలకు తెచ్చాం. కమలను అక్కడే వదిలేశాం. నా బిడ్డ అక్కడే పుట్టింది. చూడటానికి కూడా నేను వెళ్ళలేదు. అనసూయ మూడో నెలకే మళ్ళీ మగ్గం దగ్గర కూర్చుంది. ఆ ఏడాది నాయన మగ్గం దెబ్బ ఎట్లా పడినా అమ్మ ఏమీ అనేది కాదు.

కమలను తీసుకురమ్మన్నది అనసూయే. బిడ్డకు ఎనిమిదో నెల రాగానే ఒకరోజు నన్ను పట్టుకుంది. "వాళ్ళు దాసిండ్రో ఏం జేసిండ్రో, వదినేం జేసింది? నా బతుకు పాయె. ఆమెది గూడ ఎందుకు పోవాలె? తోలుకరా పో." అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. తల ఊపి బస్సెక్కాను. బిజినేపల్లిలో కమల వాకిట్లోనే నిలబడి, "చెప్పినవా ఇంట్ల?" అని అడిగింది. "చెప్పలే" అన్నాను. బిడ్డను చంకనెత్తుకుంది. "బిడ్డ కోసం ఒస్తున్న. నీ కోసం గాదు." అమ్మ ఆమెను ఇంట్లోకి రానిచ్చింది కానీ ఆమె చేతి నీళ్ళు ముట్టలేదు. నిరుడు అమ్మ మంచాన పడ్డప్పుడు, ఆఖరి నాలుగు నెలలూ కమలే కడిగింది, తుడిచింది. పరామర్శకు వచ్చినవాళ్ళతో అమ్మ ఆమె ఎదుటే అనేది, "మోసగాళ్ళ పిల్ల. ఏం జేస్తం, మా నసీబ్." నేను ఆ మంచం పక్కన కూర్చొని విన్నాను. మా అమ్మ అబద్ధం నమ్ముతూ పోయింది, ఆ అబద్ధం చెప్పినవాణ్ణి నేను.

శిరీష తన సంబంధం గురించి నాతో మాట్లాడుతూ ఈ మధ్య ఒక మాట అంది. పిల్లవాడితో రెండోసారి ఫోన్లో మాట్లాడినప్పుడే తనకు థైరాయిడ్ ఉందని, రోజూ గోళీ వేసుకుంటానని చెప్పిందట. అతను వాళ్ళమ్మకూ ఉందన్నాడట. "గదంతా నువ్వే చెప్పినవా?" అన్నాను. "చెప్పకుండ ఎట్లుంటది డాడీ? రేపు ఆయన ముంగటనే మింగాలె గదా" అని, పెద్ద విషయం కానట్టు చీరల ఫొటోలు చూసుకోసాగింది. ఇప్పటి పెళ్ళిళ్ళను మేమంతా తిట్టుకుంటాం, ఫంక్షన్ హాలు అంటాం, ప్లేటు లెక్క అంటాం, డ్రోను అంటాం. నా పందిరి కింద ఆ రోజు లేనిది ఆ పిల్ల ఫోన్లో ఉంది.

పోయిన నెల ఒక ఆదివారం ఉదయం మా ఇంట్లో కూర్చున్నాం. హాలువాళ్ళది ప్లేటు లెక్క కాబట్టి పిలిచేవాళ్ళ జాబితా తగ్గించాలి. శిరీష ఫోనులో పేర్లు చదువుతోంది. బాలయ్య మామకు ఎనభై దాటాయి, గొంతు తగ్గలేదు. "బిజినేపల్లోళ్ళను కొట్టెయ్యి బిడ్డా. ముప్పై పేర్లు ఒక్కపారి పోతయి. నీ పెండ్లి అగ్గువల అయితది." శిరీష తల ఎత్తి, "అమ్మమ్మను గూడనా తాతా?" అంది. "ఆమెనే ఫస్టు. ఫిట్సు దాసి మా పిల్ల బతుకు ఆగం జేసినోళ్ళకు భక్ష్యాలు పెడ్తమా?" ఎవరో నవ్వారు. కమల చాయ్ గ్లాసులు తెస్తూ గడపలో ఆగింది. ఈసారి ఆమెకు వంటింట్లో పని గుర్తుకు రాలేదు. అక్కడే నిలబడింది. వాళ్ళమ్మకు కళ్ళు కనబడటం తగ్గింది, మనవరాలి పెళ్ళి చూసి పోతానని కబుర్లు పంపుతూనే ఉంది.

"ఆ పేర్లుండనియ్యి మామా" అన్నాను. "వాళ్ళమ్మ చెప్పొద్దన్నా కమల చెప్పింది. పెండ్లికి ముందే చెప్పింది. నేనే ఇంట్ల చెప్పలే. ఆ రోజు శవం కాడ అమ్మకు అబద్ధం చెప్పిన."

మామ నోరు తెరిచి, "గిప్పుడెందుకురా గివన్నీ? శుభమా అని పెండ్లి ముచ్చట మాట్లాడుతుంటే" అన్నాడు.  అనసూయ చీర మడుస్తోంది, మడత పూర్తి చేసి పక్కన పెట్టింది. "ఏడ చెప్పింది?" "వనపర్తిల. కార్డు కొట్టు కాడ." "కార్డులు అచ్చేసినంకనా, ముందా?" "ముందు." ఆమె మడిచి పెట్టిన చీరను మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "తెలిసినా నేను చేసుకుందునేమో అన్నా. ఆయన మంచోడు. గోళీ నా చేత్తో ఇస్తుంటి. గని మోటరెయ్యనీకె మాత్రం ఒక్కణ్ణి పంపకపోదును." ఆమె గొంతు పెరగలేదు. "పొయ్యి మీద గట్క ఉందని పంపిన. ఇరవై మూడేండ్ల సంది నేనే సంపిన అనుకుంటున్న. నీకు తెల్వదా?"

నాకు తెలియదు. ఒకే ఇంట్లో, ఒకే మగ్గం చప్పుడులో ఇన్నేళ్ళు ఉండి, ఆమె మోస్తున్నది ఏమిటో నేను ఒక్కసారీ అడగలేదు. మామ లేచి చెప్పులు వేసుకుంటున్నాడు. శిరీష ఫోను పక్కన పెట్టి నన్ను, కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది. నేను కుర్చీ దిగి, అనసూయ ఎదురుగా నేల మీద కూర్చున్నాను. కమలను కూడా రమ్మన్నాను. ఆమె రాలేదు, గడపలోనే నిలబడింది, కానీ వెళ్ళలేదు. క్షమించమని అడగలేదు నేను. అడిగే మొహం నాకు లేదు.

"అనసూయా, బావను నువ్వు సంపలే. తెలిసీ చెప్పనోణ్ణి నేను, ఆయన పోయింది నా వల్ల. ఆ మాట నువ్వింక మొయ్యకు. కమలా, నువ్వు చెప్పినవ్. వనపర్తిల చెప్పినవ్, శవం కాడ చెప్పినవ్. రెండుసార్లు నేనే నీ మాట సంపిన. నిన్నూ మీ అమ్మనూ మోసగాళ్ళంటుంటే కూసోని విన్న. రేపు బిజినేపల్లికి పోయి, మొదటి కార్డు ఆమెకిచ్చి, వాకిట్ల అందరు వినేటట్టు గిదే చెప్త. మీ ఇద్దరికీ తప్పు జేసిన. తప్పంతా నాది."